నాకు వేయని టీకా

ఎల్‌బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో కొత్త హెపటైటిస్‌-బి టీకాను ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వేసి, ఏమైనా ఇబ్బంది వస్తుందేమో చూస్తున్నారని మా ఆడబిడ్డ వినొచ్చింది. తను నర్సింగ్ చదువుతోంది. "పోదాం పా వదినా, నలుగురికి పనికొస్తది" అంది. మీర్‌పేట్ నుంచి ఇద్దరం ఆటోలో వెళ్లాం. ముందు రక్తం తీసుకున్నారు.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. "ఈ వైరస్ మీ రక్తంలో ఇప్పటికే ఉందమ్మా. పుట్టినప్పుడే వచ్చి ఉండొచ్చు. మీకిక టీకాతో ఉపయోగం లేదు. కలిసి తింటే ఎవరికీ అంటదు, భయపడకండి. ఇంట్లోవాళ్లకు మాత్రం పరీక్ష చేయించండి" అంది.

ఆడబిడ్డకు టీకా వేశారు. ఇంటికి రాగానే నేనే దాచకుండా చెప్పాను. మా అత్త నా కంచం, గ్లాసు తీసుకెళ్లి బయట నల్లా దగ్గర బండ మీద పెట్టింది.

మర్నాడు ఆడబిడ్డకు కాస్త జ్వరం వచ్చింది. టీకాకు ఒక్కోసారి అలా వస్తుందని ముందే చెప్పారు. జావ కాచి తీసుకెళ్లాను. అత్త గిన్నె లాక్కుని నా కళ్లముందే మోరీలో పారబోసింది.

"నీ చేతిది తాగి నా బిడ్డ సావాల్నా?"

"తిండితోని రాదట అత్తమ్మా. మీరంతా టీకా ఏయించుకుంటే..."

"రోగం నీకు, సూదులు మాకా?"

నర్సింగ్ చదివే ఆడబిడ్డ దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగింది.

నా పోరు పడలేక మా ఆయన పరీక్ష చేయించుకున్నాడు. ఆయనకూ ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేమంది డాక్టరమ్మ. అత్తకు ఆ అనుమానమే లేదు. "నా కొడుకును నాశనం చేసినవ్" అని వాడకట్టంతా వినేలా అరిచింది. తను మాత్రం పరీక్షకు రానంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టింది. ఆయన తింటూనే, తల ఎత్తకుండా, "జర కొన్నొద్దులు ఎటన్న పో" అన్నాడు.

వచ్చేశాను. ఆయన మళ్లీ పిలవలేదు. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో ఉద్యోగం ఉంది కనుక నాగోల్‌లో గది కిరాయికి తీసుకున్నాను. ప్రస్తుతానికి మందులు అక్కర్లేదు, కాలేయం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

మొన్న అందుకే ఆ ఆసుపత్రికి వెళితే ఆడబిడ్డ కనిపించింది. బయట కుర్చీల్లో కూర్చున్నాం. సూదులన్నీ అయిపోయాయట.

"టీకా మంచిగ పనిచేసిందట వదినా. నాకిగ రాదు" అని నవ్వింది.

నవ్వుతూనే చేతిసంచి తీసి మా ఇద్దరి మధ్య ఖాళీ కుర్చీలో పెట్టుకుంది.