అవతలి పక్క బొరుగులు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఊలుతో వేసే బొరుగుల అల్లికలో నన్ను మించిన మగవాడు లేడు. ఈ మాట ఎన్నోసార్లు అన్నాను, ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఆ అల్లిక పట్టిన రెండో మగవాడు ఉంటే కదా!

పుంగనూరులో మాది తాళ్ల కొట్టు. ఎద్దులకు పలుపులు పేనేవాణ్ణి, పైరు మేయకుండా వాటి మూతికి కట్టే చిక్కాలు అల్లేవాణ్ణి. తొంభైల్లో నైలాన్ తాడు చుట్టలు చుట్టలుగా దిగి నా చేతులకు పని తగ్గించింది. అప్పుడే నా భార్య చేతులు కూడా మొరాయించాయి. కుప్పంలో మా కూతురు తొలి బిడ్డను కన్నది. బిడ్డను ఉయ్యాల తొట్టిలో వేసే రోజుకని మా ఆవిడ ఊలు దుప్పటి మొదలుపెట్టింది. సగమయ్యేసరికి వేళ్ల కణుపులు వాచి సూది నిలవలేదు. మదనపల్లె డాక్టరు అల్లిక మానేయమన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఆ సగం దుప్పటిని మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టబోయింది.

నాకు కోపం వచ్చింది. డాక్టరు మీద కాదు, ఆ మడత మీద.

"ఈడ ఇయ్యి. మిగిలింది నేను అల్లతా."

"నువ్వా? ఇది ఎద్దు చిక్కం కాదు."

"చిక్కం అల్లినోడికి ఇదొక లెక్కా? ఒక్క పూటలో నేర్చుకుంటా."

"ముందు వేరే ముక్కలో ఒక వరస బొరుగులు లేపి సూపించు. ఆ తర్వాతే దుప్పటి."

ఒకే కంతలో కొక్కెం సూదిని మళ్లీ మళ్లీ దూర్చి ఊలు లాగాలి. ఆ ఉచ్చులన్నీ సూది మీదే ఆపి, చివర ఒక్క లాగుతో అన్నిటిలోంచీ ఊలు తీయాలి. అప్పుడక్కడ ఊలు ఉబ్బి బొరుగు గింజలా లేస్తుంది. ఒక్క పూటలో నేర్చేసుకున్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి ఆ పూటంతా సూది పట్టుకోవడానికే సరిపోయింది. నా చేతికి తెలిసింది బిగించడం ఒక్కటే. సూది మళ్లీ కంతలోకి దూరేది కాదు.

"వదులుగా పట్టు. ఆ ఊలు యాడికీ పారిపోదు," అనేది ఆమె. "లోపల కూర్చోని అల్లుకో. ఎవురన్నా సూస్తారు."

"సూడనీ!"

కొట్టు అరుగు మీదే, వీధికి ఎదురుగా కూర్చున్నాను. ఎదుటి టీకొట్టాయన కేక వేశాడు. "ఏమప్పా, గాజులు కూడా తెచ్చేదా?"

"తేప్పా! నా చేతికి పట్టేవి దొరికితే ఏసుకుంటా. నీ ఎద్దుకు చిక్కం అల్లింది ఈ చేతులే. అప్పుడు మగోడి పని, ఊలు పడితే ఆడోళ్ల పనా?"

ఆ దెబ్బకు వీధంతా నోరు మూసుకుందని చెబుతుంటాను. మూసుకోలేదు, ఇంకా గట్టిగా నవ్వింది. నేను మాత్రం లేవలేదు.

అయితే బొరుగులూ లేవలేదు. ఎంత అల్లినా నా కళ్ల ముందు చదునైన వరసే. పీకేవాణ్ణి, మళ్లీ అల్లేవాణ్ణి. పూర్తయ్యేదాకా ఆమెను చూడనివ్వలేదు, అదొక పొగరు. తొట్టి రోజు దగ్గర పడుతోంది. పెట్టెలో దుప్పటి సగమే ఉంది.

ఒక మధ్యాహ్నం మళ్లీ పీకబోతుంటే, టీ తెచ్చిన టీకొట్టాయన నా ఎదుట ఆగిపోయాడు.

"యాల పీకుతాండావప్పా? బొరుగులు బాగా లేసిండాయే!"

తిప్పి చూశాను. వరసగా, బుడిపెలు బుడిపెలుగా, అన్నీ అవతలి పక్కే ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి వీధి వైపు లేచాయి.

"ముందే చెప్పొచ్చు కదా!"

"రోజూ లేపుతాండావు, రోజూ పీకుతాండావు. అల్లిక అంటే అదేమో అనుకుంటి."

కిటుకు నేనే కనిపెట్టానని ఇంట్లో చెప్పాను. "మొదటి రోజే చెప్పినా కదా, బొరుగు అవతలికి లేస్తాదని," అంది ఆమె. చెప్పే ఉంటుంది. అప్పుడు నేను తల ఊపుతూ ఉండి ఉంటాను. వాచిన వేలితో ఆ వరసను తడిమింది. "గట్టిగా ఉండాయి," అని లేచి పెట్టె తెరిచింది.

కుప్పంలో తొట్టి రోజున వియ్యపురాలు దుప్పటిని నిమిరింది. "ఈ సగం మెత్తగా ఉండాది. ఆ సగం యాల గులకరాళ్ల మాదిరి ఉండాది?"

"అది బెంగళూరు ఊలమ్మా, చాలా..." అని నేను మొదలుపెట్టాను.

"కాదు," అంది మా ఆవిడ. "ఆ సగం మా ఇంటాయన అల్లింది. ఎద్దు లాగినా తెగదు."

అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా, ఆ వేళ్లతోనే దుప్పటిని తొట్టిలో పరిచింది. మెత్తని సగం బిడ్డ కిందికి, నా సగం తొట్టి అంచు మీదుగా బయటికి, వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు.