టేపు కొస

మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిణ్ణి వీధంతా మిషనమ్మ అంటుంది. భర్త పోయాక ఆ కుట్టుమిషను మీదే అత్తగారిని పోషించింది, కురిసే ఇంటిని పడగొట్టి రెండు గదులు కట్టుకోవడానికి నాలుగు డబ్బులూ వెనకేసింది. పాతది తీసేయండి, నెలలో పర్మిషన్ ఇచ్చేస్తాం అని మునిసిపల్ ఆఫీసువాళ్ళు చెబితే నమ్మింది. ఆ మాట చెప్పినవాడి నోట్లో మన్ను పడ.

ఇల్లున్న చోట రేకుల షెడ్డు వేసుకుని, అందులో ఓ మంచం, మిషను పెట్టుకుని ఏడాది దాటింది. ఒకసారి ప్లాను మీద సంతకం వంకరగా ఉందన్నారు. ఇంకోసారి ఫైలే కనపడలేదన్నారు. చివరికి, ఇన్‌స్పెక్టరు వచ్చి స్థలం కొలిచి సంతకం పెడితే పునాది తవ్వుకోవచ్చన్నారు. ఆ మహానుభావుడేమో ఎప్పుడెళ్ళినా సీట్లో ఉండడు.

షెడ్డులో అన్నిటికీ సర్దుకోవచ్చు, ఒక్కదానికి తప్ప. పాత మరుగుదొడ్డి ఇంటితోపాటే పోయింది. అత్తాకోడళ్ళిద్దరూ మా పెరట్లోదానికే వస్తారు. దారినపోయేవాళ్ళు దూరుతున్నారని దానికి తాళం వేసి, చెవి నా కొంగున ముడేసుకుంటాను. పోయిన వానల్లో పెద్దావిడ ఆ దారిలో రాళ్ళ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, మాటిమాటికీ లేవాల్సొస్తుందని మంచినీళ్ళు తాగడమే మానేసింది. డాక్టరు తిట్టాడు. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే మనిషి దక్కదని నా భయం.

నిన్న ఇన్‌స్పెక్టరు దయచేశాడు. షుగరుందని చక్కెర లేని టీ అడిగి రెండు గ్లాసులు తాగి, స్థలం వైపు ఓ చూపు విసిరాడు. సంచిలో టేపుంది. కానీ దాని కొస పట్టుకునే మనిషి సెలవులో ఉన్నాడట. నేను పట్టుకుంటానన్నాను. ఆఫీసు మనిషే పట్టుకోవాలట. మిషనమ్మ బతిమాలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే వారం చూద్దాం," అంటూ ఫైలు మూశాడు. లేచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "బాత్రూమ్ ఎక్కడమ్మా?"

మిషనమ్మ ఫైలు మళ్ళీ తెరిచి, ప్లాను మీద వేలు పెట్టింది. "ఇక్కడ సార్."

ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు బిగించి బొడ్లో దోపుకున్నాను. వీధి పొడుగునా ఇళ్ళే, ఎక్కడా చాటు లేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనని పెద్దావిడ మంచం మీంచి మెల్లగా అంది.

"వచ్చే వారం చూద్దాంలే నాయనా. అప్పటిదాకా ఆపుకో. నేను ఆపుకోవడం లేదూ?"

ఆయన మొహం మాడిపోయింది. కాసేపు కాళ్ళు మార్చుకుంటూ నిలబడి, ఇక ఆగలేక టేపు బయటికి తీశాడు. కొస నేనే పట్టుకున్నాను. నాలుగు వైపులా నిదానంగా నడిచాను, తొందరపడితే కొలత తప్పుతుంది కదా. మిషను మీదే ఫైలు పెట్టుకుని సంతకం గీకాడు. తేదీ మరిచిపోతే మిషనమ్మ గుర్తుచేసి వేయించుకుంది.

అప్పుడు తాళంచెవి ఇచ్చాను. తొట్టిలో చుక్క నీళ్ళు లేవని మాత్రం చెప్పలేదు.