పెద్దత్తయ్య చెవి

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఇక్కడ అందరికంటే ఎక్కువ మర్యాద జరిగేది ఒక చెవికి. అది మా పెద్దత్తయ్య కుడి చెవి. మామయ్యకు వదినగారు, మా అత్తయ్యకు తోటికోడలు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు.

మా ఇల్లంతా చెక్కే. స్తంభాలు, వాటి మీద దూలాలు, మధ్యలో పలకల గోడలు. ఇలాంటి ఇంట్లో కాపురం చేసేవాళ్ళకు ఆకాశంలో మబ్బు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. స్తంభం మొదట్లోకి తడి చేరిందంటే, పైకి నున్నగా మెరుస్తూనే లోపల పుచ్చిపోతుంది. అందుకని ఏటా వానలకు ముందు పెద్దత్తయ్య చిన్న చెక్కసుత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగేది. స్తంభానికి చెవి ఆనించి కింద ఒక దెబ్బ, మధ్యలో ఒక దెబ్బ. ఇంటిల్లిపాదీ వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఫ్యాన్లు కూడా ఆపేసేవారు. "గట్టిది" అంటే ముందుకు కదులుతాం. "డొల్ల" అంటే వడ్రంగికి కబురు వెళ్తుంది.

ఈ విద్య ఆవిడకు వాళ్ళ మావగారు నేర్పారట. ముందు కొడుకులిద్దరికీ నేర్పబోయి, వాళ్ళకు ఇనప గంటకూ చెక్క తలుపుకూ తేడా తెలియడం లేదని విసుగెత్తి, కొత్తకోడల్ని పిలిచారట. అంతే, ఆవిడ బతుకు ఈ స్తంభాలకు అతుక్కుపోయింది.

వేరే ఊళ్ళో ఆవిడ చెల్లెలు బట్టలు కుట్టే కొట్టు నడుపుతోంది. ఒంటరి మనిషి. ఏటా ఒకసారి వచ్చి, ముందు గదిలో కూర్చుని ఒకటే పాట పాడేది.

"మేడమీద గది ఖాళీగా ఉందక్కా. మిషన్ ఒకటి ఊరికే పడుంది. ఇద్దరం కుట్టుకుందాం, వచ్చెయ్."

పెద్దత్తయ్యకు వెళ్ళాలని ఎంత ఉండేదో నాకు తెలుసు. ఒకరోజు నా జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ, "నాకు వచ్చిన పని ఈ కుట్టుపనే. చెక్కలు కొట్టి కొట్టి ముసలిదాన్నైపోయా" అంది. ఆవిడ చేతిలో కత్తెర ఎంత హాయిగా సాగిందో చెప్పలేను. కానీ చెల్లెలు పిలిచిన ప్రతిసారీ మామయ్య అడ్డుపడేవాడు.

"నువ్వెళ్ళిపోతే ఈ ఇంటి సంగతి ఎవరికి తెలుస్తుంది వదినా? మా చెవులు దేనికి, కళ్ళజోడు తగిలించుకోడానికి తప్ప!"

అందరూ నవ్వేవారు. పెద్దత్తయ్య కూడా నవ్వి, "చూద్దాంలేవే" అని చెల్లెల్ని పంపేసేది.

నేను వచ్చిన మొదటి ఏడే అసలు సంగతి బయటపడింది. స్నానాలగది పక్కనున్న స్తంభం మొదట్లో ఆవిడ సుత్తితో కొట్టింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. నాకే కాదు, వీధిలో వెళ్ళేవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

"గట్టిది" అంది పెద్దత్తయ్య.

నేను నోరు తెరిచాను. అత్తయ్య నా నడుం మీద ఒక్క గిల్లు గిల్లింది. మామయ్య మాత్రం తొణక్కుండా, "సరే వదినా, తర్వాతది చూద్దాం" అన్నాడు.

తర్వాత వంటింట్లో అత్తయ్య నాకు పాఠం చెప్పింది. "ఆవిడకి వినపడ్డం మానేసింది. మాకు తెలుసు. తెలిసినట్టు ఆవిడకి తెలియకూడదు. ఆ పని కూడా లేకపోతే నేనెందుకు ఈ ఇంట్లో అని కుమిలిపోతుంది."

ఆ వారమే పెద్దత్తయ్యను చెల్లెలి దగ్గరికి రెండు రోజులకు పంపారు. అటు బస్సు కదిలింది, ఇటు వడ్రంగి దిగాడు. దూలాన్ని జాకీల మీద నిలిపి, పుచ్చిన మొదలు కోసేసి, కొత్త చెక్క అతికించి, పాతదానిలో కలిసిపోయేలా రంగు పూశాడు. రంపపు పొట్టు వాసన పోవాలని అత్తయ్య ఇల్లంతా ఫినాయిల్ కుమ్మరించింది. తిరిగొచ్చిన పెద్దత్తయ్య ముక్కు మూసుకుని, "ఎవరికైనా వాంతులయ్యాయా?" అని అడిగింది.

ఆ తర్వాత ఏటా ఇదే నాటకం. ఆవిడ కొట్టేది, మేం వినేవాళ్ళం, ఆవిడ "గట్టిది" అనేది. పరీక్ష అయ్యాక స్తంభాలకు అవిసె నూనె పట్టించడం ఆవిడ పనే. కానీ "నీకు మోకాళ్ళ నొప్పులు, వంగకు" అంటూ కింది భాగం మామయ్యే పూసేవాడు, అతుకులు ఆవిడ చేతికి తగలకుండా. వాళ్ళ ప్రేమ నిజమే, కాదనను. అయినా ఆవిడ కళ్ళప్పగించి మా మొహాలు చదువుకుంటూ సుత్తి ఆడిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడూ చెల్లెలి దగ్గర రెండు రోజులు ఉండి వచ్చిన పెద్దత్తయ్య సంచీ కూడా విప్పకుండా కూర్చుండిపోయింది. "ఈసారి చెల్లి వచ్చెయ్యమనలేదే" అంది నాతో.

మర్నాడు నూనె పని. మామయ్యకు నడుం పట్టేసి మంచం దిగలేదు. పెద్దత్తయ్య తనే పీట వేసుకుని స్నానాలగది స్తంభం ముందు కూర్చుంది. ఏళ్ళ తరబడి నూనె తాగిన పాత చెక్క గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు, ఇంక వద్దంటుంది. ఆవిడ మొదట్లో రాసింది. ఇంకిపోయింది. మళ్ళీ రాసింది. మళ్ళీ ఇంకిపోయింది. గోటితో అతుకు గీత వెతికి పట్టుకుంది. లేచి మెట్ల దగ్గరి స్తంభానికి రాసింది, వంటింటి స్తంభానికి రాసింది. అక్కడా అంతే.

"అబ్బాయ్! ఇలా రా!" అని కేకేసింది.

మామయ్య నడుం పట్టుకుని వచ్చాడు.

"ఇది కొత్త చెక్క. ఎన్నేళ్ళయింది?"

మామయ్య నా వైపు చూశాడు. నేను దూలం వైపు చూశాను. ఆయన మూడు వేళ్ళు చూపించాడు.

"అయితే నాకు వినపడదని మూడేళ్ళుగా మీకందరికీ తెలుసు." ఆవిడ గోడకు చేరబడింది. "ఏ స్తంభం డొల్లో తేల్చలేకపోతున్నా. మిమ్మల్నందర్నీ దాని కింద వదిలేసి ఎలా వెళ్తానని ఆగిపోయానయ్యా. కంటిమీద కునుకు లేదు నాకు. మీరు బాగుచేయించుకుంటూనే ఉన్నారే, మరి నన్నెందుకు ఆపావు?"

"నువ్వు బాధపడతావని..." మామయ్య గొణిగాడు.

"ఏంటీ?"

"నువ్వు... వెళ్ళు వదినా."

ఆవిడ అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది. మా ముందు అలా ఎప్పుడూ పెట్టుకోలేదు. "గట్టిగా చెప్పు. వినపడినట్టు నటించడం ఇక నావల్ల కాదు."

వదిన ముందు ఏనాడూ గొంతు పెంచని మనిషి. నడుం బిగబట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు.

"వెళ్ళు వదినా! వెళ్ళిపో!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సాయంత్రానికల్లా మామయ్య ఇంత వయసులో వదినగార్ని ఇంట్లోంచి గెంటేస్తున్నాడని వీధంతా పాకిపోయింది. గెంటేస్తున్న మనిషి కళ్ళనీళ్ళు బొటబొటా కారుతున్నాయని ఆ కిటికీకి కనిపించలేదు.

పెద్దత్తయ్య విన్నానన్నట్టు తలూపింది. చేతికంటిన నూనె చీర కుచ్చిళ్ళకే తుడిచేసుకుంది.

"చెల్లైతే పిలవడం మానేసింది. ఇప్పుడు ఉండనిస్తుందో లేదో" అంది.

మామయ్యకు ఇంకోసారి అరిచే ఓపిక లేదు. ఇంకా విప్పని ఆవిడ సంచీ తెమ్మని నాకు సైగ చేశాడు.