రాతిలో ఇరుక్కున్న ఇనుపబిళ్ళ

మా వదిన దర్జీ. ఆదివారం తప్ప, జ్వరమొచ్చినా కొట్టు మూయని మనిషి. మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి కొండ శిఖరం కనిపిస్తుంది. "రోజూ నన్ను చూసి వెక్కిరిస్తోందే," అనేది. చివరికి పంతం పట్టి, నలభై దాటాక నాతోపాటు తాళ్ళతో రాతిగోడ ఎక్కడం నేర్చుకుంది.

"మేడ మీద బట్టలు తెమ్మంటే మోకాళ్ళ నొప్పులంటావు. కొండకైతే లేవా?" అన్నాడు అన్నయ్య.

"కొండ మీద నీ బట్టలు లేవుగా!"

రెండుసార్లు వాన వచ్చి సగంలోనే దిగిపోయాం. ఆ తర్వాత దారే మూతపడింది. కొండ కింది పొలం ఒక ముసలాయనది. ఎవరో రాతిలో వదిలేసిన ఇనుపముక్క ఊడిపడి ఆయన మేక కాలు విరిగింది. ఇక తన పొలంలోంచి పోయే దారికి అడ్డంగా గోడ కట్టేస్తానన్నాడు. వదిన వెళ్ళి బతిమాలింది.

"ఒక్కరోజు చూస్తా. రాతిలో ముక్క మిగలకూడదు. పొద్దుగూకేలోపు గేటు బయటుండాలి. తేడా వస్తే ఇంకెవర్నీ రానివ్వను," అన్నాడు.

ఆ కొండ ఒక్క తాడు పొడవులో అయ్యేది కాదు, విడతలుగా ఎక్కాలి. నేను పగుళ్ళలో ఇనుపబిళ్ళలు బిగించి, వాటికి తాడు తగిలిస్తూ ముందు వెళతాను. పైన ఆగి తాడు పట్టుకుంటే, వదిన ఆ బిళ్ళలు తీసుకుంటూ వస్తుంది. ఆ ఆదివారం మూడో విడత చివర చెట్టున్న రాతి అరుగు మీద కూర్చున్నాను. ఆ పైన మిగిలింది ఒక్క విడతే. కింద వదిన ఆగిపోయింది.

"బిళ్ళ ఇరుక్కుందే!"

"గట్టిగా లాగు!"

"లాగితే ఇంకా బిగుస్తోంది."

ఎండ వాలిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి ఈ గోలేమిటి!

"వదిలేసి రా వదినా! ఇంత ఎత్తున ఎవడు చూడొచ్చాడు?"

"చూస్తారని కాదే. ఇదీ ఏదో రోజు ఊడిపడుతుంది. కింద మేకలున్నాయి."

"మరి శిఖరం?"

వదిన నడుముకు వేలాడే ఇనుప పుల్ల అందుకుంది. "మిషన్లో దారం చిక్కుకుంటే లాగుతామా? చక్రం వెనక్కి తిప్పుతాం," అంటూ దాంతో బిళ్ళను వచ్చిన వైపుకే పొడవసాగింది. వేళ్ళు చీరుకుపోయినా ఆపలేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. తాడు పట్టుకునే ఉన్నాను. చాలాసేపటికి టక్కున ఊడింది.

అరుగెక్కి శిఖరం వైపు చూసింది. తర్వాత పొద్దు వైపు.

"ఒక్క విడతే కదా వదినా, గబగబా ఎక్కేద్దాం!"

"మాటిచ్చాం. చెట్టుకు తాడు వెయ్యి, దిగుదాం." శిఖరం వైపు మళ్ళీ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

గేటు దగ్గర ముసలాయన నిలబడి ఉన్నాడు. "పైనుంచి మా ఇల్లు కనబడిందా?"

"పైదాకా వెళ్ళలేదు బాబాయ్. ఈ బిళ్ళ రానని మొరాయించింది," అని వదిన దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన బిళ్ళనీ, రక్తం కట్టిన ఆ వేళ్ళనీ చూశాడు. జేబులోంచి గేటు తాళంచెవి తీసిచ్చాడు. "నా మోకాళ్ళు ఎక్కనివ్వవు. నువ్వెక్కి చూసి చెప్పమ్మా."

దారంతా వదిన తాళంచెవిని పిడికిట్లోనే పట్టుకుని నడిచింది. ఇల్లు చేరి చెప్పులు విప్పుతూ అన్నయ్యతో అంది:

"రేపు కొట్టు తియ్యను."