ఎనిమిది కార్డుల వదిన

మా వదిన పర్సులో నోట్లు కనిపించేవి కావు, క్రెడిట్ కార్డులు కనిపించేవి. మొత్తం ఎనిమిది. ఫోటోలు పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ ఆల్బమ్ ఒకటి ఎక్కడో సంపాదించి, పేజీకో కార్డు చొప్పున దూర్చి పెట్టుకుంది. ఒక్కో కార్డుకి పైన తెల్లటి గుడ్డపట్టీ ముక్క అంటించి, చెరగని నల్ల సిరాతో రాసింది: సరుకులు, పెట్రోలు, మందులు, ఫోన్లు, ఫీజులు. ఆ పట్టీ, ఆ సిరా మా లాండ్రీవే. అతిథుల బట్టల మీద గది నంబరు వేయడానికి వాడతాం.

మేమిద్దరం ఒకే పెద్ద హోటల్లో, కిటికీలు లేని అడుగు అంతస్తులో పనిచేస్తాం. ఆవిడ దుప్పట్లు ఇస్త్రీ అయ్యే రోలర్ దగ్గర, నేను చిరిగిన యూనిఫాంలు కుట్టే మిషన్ దగ్గర. ఇంట్లో అన్నయ్య భార్య, పనిలో నా మీద పెద్ద. అంటే ఇరవై నాలుగు గంటలూ నాకు వదిన నుంచి తప్పించుకునే దారి లేదు. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకి గుండెలో గుబులు. ఈ రెండూ ఒక గదిలో ఎలా ఇమిడాయో ఆ దేవుడికే తెలియాలి.

పాయింట్ల సంగతి ఆవిడ చెవిన వేసింది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. కార్డుతో ఖర్చు పెట్టిన కొద్దీ పాయింట్లు వస్తాయనీ, వాటిని విమానం కంపెనీకి పంపుకుంటే టికెట్టు ఇస్తారనీ చెప్పింది. మా వదిన ఆ మాట పట్టుకుంది. ఎందుకంటే ఆవిడకి ఒక్కతే అక్క, ఆ అక్క సముద్రం అవతల ఉంటోంది. మొగుడి ఉద్యోగం కోసం వెళ్లి అక్కడే ఒక టాక్సీ కంపెనీలో ఫోన్లు ఎత్తే పనిలో కుదురుకుంది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని అప్పటికే ఏడేళ్లయింది. అక్కడికి పోయిరావడానికి టికెట్టంటే మా వదినకి మూడు నెలల జీతం. పాయింట్లయితే ఎనభై వేలు చాలు.

ఇక అప్పటినుంచి మా ఇంట్లో ఏది కొన్నా ఒక తంతు. కొట్లో కౌంటర్ దగ్గర వరుసంతా ఆగిపోయి చూస్తుంటే, వదిన ఆల్బమ్ పేజీలు తిరగేస్తూ నిలబడేది.

"పాల ప్యాకెట్టుకి ఏ పేజీయో తొందరగా తేల్చు తల్లీ, పాలు విరిగిపోయేలా ఉన్నాయి" అనేవాడు అన్నయ్య.

నవ్వులాటకి అనేవాడే గానీ ఆవిడ పట్టుదలంటే అన్నయ్యకి గౌరవం. ఎందుకంటే వదిన ఏనాడూ ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. ఎనిమిది కార్డులకీ ఎనిమిది గడువు తేదీలు. వాటిని తలుచుకుంటూ నిద్ర లేచేది, తలుచుకుంటూ అన్నం తినేది. ఒకసారి బస్సులో వెళ్తుండగా ఫలానా కార్డు గడువు ఈ రోజేనేమో అని అనుమానం వచ్చి, సగం దారిలో దిగిపోయి, రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో డబ్బు కట్టి, తర్వాత చూసుకుంటే గడువు ఇంకా ఆరు రోజులుంది. ఇంటికి నడిచొచ్చింది.

జీతగాళ్ల ఇంటి ఖర్చుతో ఎనభై వేల పాయింట్లు ఎప్పటికి పోగవుతాయి? అందుకని వదిన ఇంకో దారి కనిపెట్టింది. లాండ్రీలో పదహారుమందిమి. అందరి కరెంటు బిల్లులు, ఫోన్ బిల్లులు, పిల్లల ఫీజులు తన కార్డుల మీద కట్టేసేది. జీతాల రోజు సాయంత్రం ఎవరి డబ్బు వాళ్లు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాళ్లు. ఆ డబ్బుతో గడువులోగా కార్డుల బాకీ తీర్చేసేది. ఎవరికీ నష్టం లేదు, ఆవిడకి పాయింట్లు. మా వాళ్లలో ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు, అది మాత్రం చెప్పుకోవాలి.

మూడేళ్లకి పాయింట్లు ఎనభై ఒక్క వేలు దాటాయి. నాలుగు బ్యాంకుల్లో నాలుగు చోట్ల ఉన్నాయి.

"ఇంకేం, బయల్దేరు" అన్నాను.

"ఆగవే. అప్పుడప్పుడు బోనస్ ఇస్తారట. అప్పుడు పంపితే ఇవే లక్షా ఇరవై వేలు దాటతాయి. మీ అన్నయ్యకి కూడా సగం టికెట్టు వచ్చేస్తుంది."

"బోనస్ ఎప్పుడిస్తారు?"

"ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వకేం చేస్తారు!"

అలా ఇంకో పది నెలలు గడిచాయి. నేను చెప్పడం మానేశాను. చెప్పడం మానేసినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒక శనివారం పొద్దున్న, మేం డ్యూటీకి బయల్దేరుతుంటే, అక్క మొగుడు ఫోన్ చేశాడు. అక్క గొంతులో గడ్డ ఉందట. చెడ్డదట. మాట పుట్టే స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారట. వచ్చే గురువారం కాక ఆపై గురువారం ఆపరేషన్. ప్రాణానికి భయం లేదన్నారు గానీ ఇక మాట రాదన్నారు. ఆ తర్వాత ఫోన్ అక్క తీసుకుంది. స్పీకర్‌లో పెట్టాం కాబట్టి నేనూ విన్నాను. గొంతు గరగరలాడుతోంది.

"ఏడవకే బుజ్జీ. రోజంతా ఫోన్లో వాగీ వాగీ నాకే విసుగొచ్చింది. కానీ ఒకటి. నా మాట పోయేలోపు ఒక్కసారి రావే. ఎదురుగా కూర్చుని కడుపునిండా పోట్లాడుకుందాం. నీకు చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్లో చెప్పేవి కావు."

"వస్తున్నానక్కా. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం నీ దగ్గరుంటా" అంది వదిన.

ఆ మాట గాల్లోంచి అన్నది కాదు. పాస్‌పోర్టు, వీసా కిందటేడే తీయించి పెట్టుకుంది. అప్పటికే రెండో చేత్తో నా ఫోన్లో విమానాలు వెతికింది. ఆ ఆదివారానికి పాయింట్ల మీద ఇచ్చే సీటు ఒకటి ఖాళీగా ఉంది. నిలబడ్డచోటనే నాలుగు బ్యాంకుల నుంచీ పాయింట్లు విమానం కంపెనీకి పంపేసింది. ఒకసారి పంపాక వెనక్కి రావు.

మూడు బ్యాంకుల పాయింట్లు సాయంత్రానికల్లా చేరాయి. నాలుగో బ్యాంకువి, ముప్పై వేలు, దారిలోనే ఉన్నాయి. ఆదివారం కూడా దారిలోనే ఉన్నాయి. సోమవారం బ్యాంకుకి ఫోన్ చేస్తే, మూడు పనిదినాలు ఆగాలమ్మా అన్నారు. వదిన కాలు కాలిన పిల్లిలా రోలర్ చుట్టూ తిరిగింది. ఒక చివర నుంచి దుప్పటి లోపలికి పెట్టి, రెండో చివర అందుకునేలోపు ఫోన్ చూసుకునేది. రెండు దుప్పట్లు మాడ్చింది. అంతకుముందు ఎన్నేళ్లలోనూ ఆవిడ చేతిలో ఒక్క దిండుగలీబు కూడా మాడలేదు.

బుధవారం పొద్దున్నే ముప్పై వేలూ చేరాయి. సీటు మంగళవారమే ఎవరో తీసేసుకున్నారు. మళ్లీ పాయింట్ల మీద సీటున్నది శుక్రవారానికి. అంటే ఆపరేషన్ అయిన మర్నాటికి.

"వదినా, డబ్బులు పెట్టి కొనెయ్" అన్నాను.

"మధ్యలో ఎవరో ఒకరు మానుకుంటారే. సీటు మళ్లీ తెరుచుకుంటుంది. రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. పొద్దున్న ఐదింటికి చూస్తే దొరుకుతాయట."

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లు కూడబెట్టినవి చేతిలో ఉండగా మూడు నెలల జీతం పోయడానికి ఆవిడకి మనసొప్పలేదు. పిసినారితనమని అందామా? పదకొండేళ్లలో తన కోసం ఒక మంచి చెప్పుల జత కొనుక్కోని మనిషిని పిసినారి అనడానికి నాకు నోరు రాదు. అక్కని చూడాలంటే దారి అదొక్కటే అని అన్నేళ్లు నమ్మింది. ఆ నమ్మకాన్ని ఒక్క పూటలో వదులుకోలేకపోయింది. గురువారం, శుక్రవారం పొద్దున్న ఐదింటికే లేచి కళ్లల్లో వత్తులేసుకుని ఫోన్ చూసింది. సీటు తెరుచుకోలేదు.

శనివారం అన్నయ్య మొదటిసారి గొంతు పెంచాడు. "పాయింట్లు గంగలో కలవనీ! టికెట్ కొను ముందు."

వదిన ఆల్బమ్ తీసింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అది బళ్లు తెరిచే నెల. లాండ్రీలో అందరి పిల్లల ఫీజులూ ఆవిడ కార్డుల మీదే ఉన్నాయి. మా అమ్మాయి ఫీజూ అందులోనే ఉంది, నేనే అడిగి మరీ కట్టించాను. వదిన ఒక్కో పేజీ తిప్పుతూ ఏ కార్డు మీద ఇంకెంత వాడుకోవచ్చో చూసింది. ఎనిమిదింటిలో ఒక్కదానికీ టికెట్టు ధర పట్టేంత చోటు లేదు. ఉన్న పొదుపంతా అన్నయ్య పెట్టబోయే ఫ్రిజ్‌ల రిపేరు షాపు అడ్వాన్సు కింద పోయిన నెలే ఇచ్చేశారు. ఎనిమిది కార్డులు పెట్టుకుని మా వదిన ఒక్క టికెట్టు కొనలేకపోయింది.

నేల మీద కూలబడి, "అందరికీ కట్టాను, నాకు మిగల్చుకోలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

జీతాలు సోమవారం. నేను ఆదివారమే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి సంగతి చెప్పాను. ఇవ్వగలిగినవాళ్లు అప్పుడే ఇచ్చారు, అది సగం కూడా కాలేదు. సోమవారం సాయంత్రం షిఫ్టు దిగగానే పదహారుమందిమీ కుట్టుమిషన్ దగ్గర చేరాం. ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే పెట్టారు చాలామంది. మంగళవారం ట్రావెల్స్ ఆఫీసు తలుపు తీసేసరికి మేం మెట్ల మీద ఉన్నాం. ఆఫీసతను నోట్ల కట్టలు లెక్కపెడుతూ, "కార్డు లేదామ్మా మీకు?" అని అడిగాడు. నేనేదో అనబోతే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పటికి మిగిలిన విమానం బుధవారం బయల్దేరి, మధ్యలో ఒకచోట మారి, అక్కడ గురువారం పొద్దున్న పది గంటలకి దిగుతుంది. అక్కని ఎనిమిదింటికే లోపలికి తీసుకెళ్తారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ టికెట్టే తీసుకున్నాం. ఆపరేషన్లు ఒక్కోసారి ఆలస్యమవుతాయి కదా అని అన్నయ్య మర్నాడు విమానాశ్రయానికి వెళ్లే దారంతా చెప్తూ వచ్చాడు.

ఆ తర్వాతిది వదిన తిరిగొచ్చాక నాకు చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

మధ్యలో మారాల్సిన విమానాశ్రయంలో దిగేసరికి అక్కడింకా తెల్లవారలేదట. ఎక్కడ చూసినా జనం, పెట్టెల చక్రాల మోత. రెండో విమానం ఎక్కే ముందు వరుసలో నిలబడే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కే ఎత్తింది.

"ఎక్కడున్నావే?"

"దారిలోనే అక్కా. పదింటికి దిగుతా. వాళ్లని కాస్త ఆగమని చెప్పు."

"ఆగరే. చూడూ, నేను చెప్పాలనుకున్నది..."

అంతలో నెత్తి మీద స్పీకర్ మొదలుపెట్టింది. ఏ గేటుకి ఏ విమానం, ఎవరెవరు వెంటనే రావాలి. ఒకటి అయ్యాక ఇంకోటి. వదిన ఒక చెవి మూసుకుని, ఫోన్ రెండో చెవికి అదిమిపెట్టుకుని, "ఏంటక్కా? ఏమన్నావ్? వినపడట్లేదు" అని అరిచిందట. వరుసలో ముందున్నవాళ్లు తిరిగి చూశారట. అక్క మాట్లాడుతూనే ఉందని తెలుస్తోంది, ఒక్క ముక్క అందడం లేదు. అనౌన్స్‌మెంట్ ఆగేసరికి అక్క మాట కూడా అయిపోయింది.

"మళ్లీ చెప్పవా అక్కా?"

అక్క నవ్విందట. "పోన్లేవే, అంత గొంతు లేదు నాకు. వచ్చాక చూద్దాం" అందట. అప్పుడే నర్సు వచ్చినట్టుంది, ఫోన్ పెట్టేసింది.

విమానం గంటన్నర ఆలస్యంగా దిగింది. ఆపరేషన్ ఆలస్యం కాలేదు.

సాయంత్రం వదినని లోపలికి పంపారు. అక్క మెడ చుట్టూ కట్టు, మధ్యలో గొట్టం. కళ్లు తెరిచి చెల్లెల్ని చూసింది. పదకొండేళ్ల తర్వాత. అక్క పెదాలు కదిలాయి, గొట్టంలోంచి గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. తనకే గుర్తొచ్చినట్టు నోరు మూసుకుంది. రెండు రోజులు మంచం పక్కనే కూర్చున్న మా వదిన నోట కూడా మాట రాలేదట. తాను మాట్లాడితే అక్క జవాబు చెప్పాలనుకుంటుందని భయం.

మూడో రోజు అక్కకి రాసి చూపించడానికి చిన్న తెల్లబోర్డు, పెన్ను ఇచ్చారు. వదిన ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఆ పొద్దున్న ఫోన్లో నాకేం చెప్పావక్కా? నాకు ఒక్క ముక్కా వినపడలేదు."

అక్క బోర్డు ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. ఒక పక్క నిండిపోతే అక్షరాలు చిన్నవి చేసి రాసింది. రాసి, తనే చదువుకుంది. తర్వాత చెల్లెలి మొహం చూసింది. రెండు రోజులుగా దువ్వని జుట్టు, నలిగిన చీర, నిద్ర లేక వాచిన కళ్లు చూసింది. వదిన బోర్డు కోసం చెయ్యి చాపేలోపు అరచేత్తో మొత్తం తుడిచేసింది. తుడిచిన చోట పెద్ద అక్షరాలతో ఒక్క మాట రాసి తిప్పి చూపించింది.

"తిన్నావా?"

వదిన తినలేదు. తిన్నానని చెప్పింది.