గురువారం కప్పులు

ప్రొఫెసర్ గారికి ఒకటే పిచ్చి. ఎవరైనా ఏదైనా పగలగొడితే, ఆ సంగతి వాళ్ళు ఏ మాటల్లో చెబుతారో ఆయన వినాలి. ఎవరూ ఏమీ పగలగొట్టని రోజున తనే పగలగొట్టించేవారు. ఆయన వీధి మలుపు తిరగడం చూసి పింగాణీ కొట్టువాడు అడక్కుండానే డజను కప్పులు కాగితంలో చుట్టేసేవాడు. ఇంట్లో ఆయన భార్య మంచి కప్పులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి దిండు కింద దాచుకునేది.

ఆయన పనిచేసే భాషాశాస్త్ర విభాగంలో టైపిస్టుగా చేరిన అమ్మాయికి మొదటిరోజే విషయం బోధపడింది. కంగారులో ఆయన బల్లమీది టీ గ్లాసు కింద పడేసింది.

"క్షమించండి సార్, తుడిచేస్తాను."

"తుడవడం తరవాత. ఏం జరిగిందో చెప్పు."

"గ్లాసు పగలగొట్టాను సార్."

"మీ అమ్మమ్మ అయితే ఎలా అనేది?"

"అమ్మమ్మ అయితే నన్ను తిట్టేది సార్."

ఆయన అది కూడా చీటీ మీద రాసుకుని, తేదీ వేసి, డబ్బాలో పడేశారు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన రాస్తున్న పుస్తకం దీని గురించే. టైపు చేసేదేమిటో తెలియాలి కదా అని ఒకరోజు ఆమె అడిగేసింది.

"చూడమ్మా, మన భాషలో ‘వాడు వచ్చాడు’ అంటాం, ‘వాడు కప్పు పగలగొట్టాడు’ అంటాం. రెండుచోట్లా వాడు వాడే. కొన్ని భాషల్లో అలా కాదు. ఊరికే వచ్చినవాడికి ఏమీ ఉండదు. పగలగొట్టినవాడి పేరుకి మాత్రం ఒక తోక తగిలిస్తారు."

"దొంగకి గుర్తు వేసినట్టా సార్?"

"అలాగే అనుకో. కాలం గడిచేకొద్దీ కొన్ని భాషల్లో ఆ తోక ఊడిపోతుంది. కొన్నిట్లో కొత్తగా మొలుస్తుంది. ‘కప్పు వాడిచేత పగిలింది’ అని తాతలు అనగా అనగా, ఆ ‘చేత’ అరిగిపోయి మనవల నాటికి వాడి పేరుకే అతుక్కుపోతుంది. భూమికి ఈ చివర ఒక భాష, ఆ చివర ఒక భాష. చుట్టరికం లేదు, ఒకదాని మొహం ఒకటి చూసింది లేదు. అయినా ఒకే దారిన నడిచాయి. ఎందుకంటావ్?"

ఎందుకో ఆమెకి తెలియదు గానీ, ఆ మొహంలో వెలుగు చూసి ముచ్చటేసింది.

గురువారం మధ్యాహ్నాలు మాత్రం ఆమె ప్రాణం మీదికి వచ్చేవి. ఇస్త్రీ కొట్టు నడిపే అక్క, తాళాలు బాగుచేసే తమ్ముడు ఆ రోజు వచ్చేవారు. తోకలున్న ఒక భాష ఆ ఊరు మొత్తానికి వాళ్ళిద్దరికే తెలుసు. అక్క తోక తగిలించి మాట్లాడేది. ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడైన తమ్ముడు వదిలేసేవాడు. ఒకరు కప్పు పగలగొట్టాలి, రెండోవారు జరిగింది చెప్పాలి. చిక్కల్లా ఏమిటంటే, అక్క కూతురి పెళ్ళి ఫొటోలో తనని చివర స్తంభం పక్కన నిలబెట్టారని తమ్ముడు అలిగాడు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. బల్లకి అటొకరు ఇటొకరు కూచుని, గోడకేసి చూస్తూ తలో వాక్యం చెప్పి పోయేవారు. అక్క మీద కోపమంతా తమ్ముడు కప్పు మీద తీర్చుకునేవాడు. బీరువాల వెనక దాకా ఎగిరిన పెంకులు ఊడ్చుకునేది టైపిస్టు.

ఇలా మూడేళ్ళు గడిచాక విభాగాధిపతికి విసుగొచ్చింది. కప్పులతో కొత్తగా ఏం తేలిందో వచ్చే శుక్రవారానికల్లా చూపించకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. టైపిస్టు ఆ గురువారాల చీటీలన్నీ ముందేసుకు కూచుంది. రెండు చీటీలు తీసి ఆయన ముందు పెట్టింది.

"సార్, మొదటివారం చీటీలో ఉన్నదే పోయినవారం చీటీలోనూ ఉంది. మీకు కావలసింది మొదటిరోజే దొరికిపోయింది."

ఆయన చెవి గోక్కున్నారు. "దొరికింది."

"మరి మూడేళ్ళుగా ఈ కప్పులేంటి సార్?"

"ఆ భాషలో మాట్లాడ్డానికి ఆవిడకి వాడు తప్ప ఎవరూ లేరు, వాడికి ఆవిడ తప్ప ఎవరూ లేరు. పలకరించుకోండి అంటే ఇద్దరూ లేచిపోతారు. కప్పు గురించి చెప్పండి అంటే కూచుంటారు. పోయినవారం ఆవిడ, వాడి వేలికి పెంకు గుచ్చుకుందేమో చూడమంది. నాతోనే అందనుకో."

"ఇంక ఒక్క గురువారమే ఉంది సార్."

"అదే నా బెంగ కూడా," అన్నారాయన.

ఆ గురువారం ఆయన వట్టి చేతులతో వచ్చారు. కొట్టు మూసి ఉందని అబద్ధం చెప్పి, "కూచోండి, ఎక్కడైనా దొరుకుతాయేమో చూసొస్తా," అని టైపిస్టుని కూడా బయటికి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఇద్దరూ వరండాలోనే నిలబడ్డారు.

లోపల కుర్చీ కిర్రుమంది. తరవాత అక్క ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. ఈసారి తమ్ముడు అందుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. ఆవిడ ఏదో చెప్పింది, వాడు మళ్ళీ అందుకున్నాడు.

"ఏమంటున్నారు సార్?"

"ఫొటో గొడవే. నువ్వు పొడుగు, మధ్యలో నిలబడితే వెనకవాళ్ళు కనపడరని ఫొటోగ్రాఫర్ అన్నాడంటోంది ఆవిడ. ఈ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చుగా అంటున్నాడు వాడు."

లోపల అక్క తిట్టింది. తమ్ముడూ తిట్టాడు. ఆ తిట్ల మధ్యలోనే ఎవరో నవ్వారు, రెండోవారు కూడా కలిశారు. టైపిస్టు చీటీల కట్ట, పెన్సిలు ఆయనకి అందించింది. "రాసుకోండి సార్. అన్నీ కొత్త వాక్యాలు."

ఆయన ఆ కట్టని మెల్లగా ఆమె చేతిలోనే పెట్టేశారు. "ఇవి వాళ్ళవమ్మా."

వరండా ఆ చివరినుంచి విభాగాధిపతి వస్తున్నారు. ప్రొఫెసర్ గారు తలుపుకి అడ్డంగా నిలబడి, "రేపు గది ఖాళీ చేసేస్తానండీ. ఇవాళ మాత్రం లోపల మనుషులున్నారు," అన్నారు.