మల్లేశం కార్డులో నేను పెట్టిన టిక్కు

ఏడేళ్లుగా ఒక టిక్కు గుర్తును మోస్తున్నాను. నవ్వకండి. పెన్నుతో అర క్షణంలో పెట్టిందే. ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీకు చెబుతాను, నా పేరు మాత్రం అడగొద్దు.

పటాన్‌చెరు దగ్గర ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది నాది. ఏటా కార్మికులందరికీ ఆరోగ్య పరీక్షలు చేస్తాం. షిఫ్టు బస్సు కదిలేలోగా కార్డులన్నీ నింపాలి. అందులో ‘అలవాట్లు’ అని ఒక గడి ఉంటుంది. అడిగి నింపాల్సిన గడి. నేనెప్పుడూ అడగలేదు. రక్తపరీక్షలో లివర్ బాగోలేదని వస్తే ‘మద్యం’ దగ్గర టిక్కు పెట్టేసేవాణ్ణి. చాలామందికి సరిపోయేది కూడా.

మల్లేశం ఇస్నాపూర్ మనిషి, రియాక్టర్ దగ్గర ఆపరేటర్. ఏడేళ్ల కిందట అతని కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. కార్డు పట్టుకుని నా గదికి వచ్చాడు.

“గిదేంది సార్? నేను తాగుతనని రాసిన్రు?”

“మరి లివర్ ఊరికే పాడవుతుందా మల్లేశం?”

“నా పిల్లల మీద ఒట్టు సార్. మా నాయిన తాగి మమ్ముల ఆగం జేసిండు. నేను సుక్క ముట్టలే. పండుకుంటే దమ్మొస్తుంది, కూసునే నిద్రపోతున్న. జెర సూడుండ్రి.”

“అందరూ ఇదే చెబుతార్లే” అని నవ్వాను.

పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు. గుండె జబ్బు గుర్తులని చదువుకున్నవాణ్ణే. ఎందుకు వినలేదు? తీరిక లేకనా? కాదు. వింటే నేను రాసింది తప్పని ఒప్పుకోవాలి, అంతే. పైగా అతని భార్య లక్ష్మి ఫోన్ చేసి అడిగితే “దాచుకుని తాగుతున్నాడమ్మా, మాన్పించు” అన్నాను. ఏం పెద్దమనిషినో!

కార్డు చూసిన డాక్టర్లు అయిదు నెలలు లివర్ మాత్రలే ఇచ్చారు. ఒకరోజు పనిలోనే కుప్పకూలితే సిటీలో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. లక్ష్మి కాగితాల కోసం కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. డాక్టరు నాతో చెప్పాడు: గుండె బలహీనమై రక్తాన్ని సరిగా పంపలేకపోతోంది, అది వెనక్కి తన్ని లివర్లో నిలిచిపోయి లివర్ దెబ్బతింది, ముందే తెలిస్తే మందులుండేవి. “తాగుడని ఎవరు రాశారు?” అని కూడా అడిగాడు. తెలియదన్నాను.

రెండు రోజులకు మల్లేశం పోయాడు. గుండె ఆగిందన్నారు. తాగి తాగి లివర్ పాడై, అదే గుండెకు పాకిందని లక్ష్మి అనుకుంది. నిజం దానికి తలకిందులు. ఆమెను అలాగే అనుకోనిచ్చాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో వడ్డించి కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. లక్ష్మి మటన్ కూర, అన్నం పెట్టి పక్కనే ఒక క్వార్టర్ సీసా పెట్టింది.

“దాసుకొని తాగిండు గద సార్. ఇగనన్న బాజాప్త తాగనీ” అంది.

చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఛీ, అప్పుడైనా చెప్పాల్సింది.

ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఆమె ఆ సీసా పెడుతూనే ఉంది. అతను ఒట్టు పెట్టుకున్న ఆ పిల్లలే వాళ్ల నాన్నను తాగుబోతు అనుకుంటూ పెరుగుతున్నారు. పోయిన నెల చెబుదామనే వెళ్లాను. చాయ్ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

చెబితే క్షమిస్తుందా? క్షమించకూడదు. మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది, అదీ సిగ్గుగానే ఉంది. ఆ గడిలో రాయాల్సింది ఒక్క మాట. ఏడేళ్ల తర్వాత ఇక్కడ రాస్తున్నాను.

మల్లేశం తాగడు.